సగం ధర నేరం

భోజనం డబ్బా మూత తీసి చూస్తే ఇన్‌స్పెక్టర్ ఉనైసి నంబౌకి అడుగున చేపముల్లు ఒక్కటే కనిపించింది. పొద్దున్నే లేచి కొబ్బరిపాలల్లో ఉడికించుకున్న చేప, పక్కన నాలుగు కర్రపెండలం ముక్కలు. పోలీసు స్టేషన్లో, ఇన్‌స్పెక్టరు సొరుగులోంచి, పట్టపగలు మాయమయ్యాయి.

దొంగ ఎవరో కనిపెట్టడానికి డిటెక్టివ్ బుర్ర అక్కర్లేదు. ఎదురు బల్ల దగ్గర ఇన్‌స్పెక్టర్ అపకూకి తీరిగ్గా వేళ్లు నాకుతున్నాడు.

"ఉప్పు తక్కువైంది," అన్నాడు. "మీ కొండవాళ్లకి సముద్రం దూరం కదా పాపం. ఉప్పు ఎంత వేయాలో ఎలా తెలుస్తుంది?"

"మీ దీవివాళ్లకి అడిగి తినడం ఎప్పటికి తెలుస్తుందో."

"అడిగి తింటే ఇక తౌవూ ఎందుకు?"

ఆమె ఊరికీ అతని ఊరికీ పూర్వం ఒకటే దేవత. ఆ లెక్కన రెండు ఊళ్లవాళ్లూ ఒకరికొకరు తౌవూ. ఎదుటివాణ్ణి ఎంత మాటైనా అనొచ్చు, పడ్డవాడు కోపం తెచ్చుకోకూడదు. చేతిలో వస్తువు కళ్లముందే లాక్కుపోవచ్చు, అడ్డం చెప్పకూడదు. ఈ మర్యాద పాటించడంలో అపకూకి ఏనాడూ తప్పలేదు, ముఖ్యంగా మధ్యాహ్నం పూట.

"సరే గానీ, లోపలున్న పెద్దావిడ నోరు విప్పిందా?" అని అడిగాడతను. ఈసారి గొంతులో వేళాకోళం లేదు. "నాలుగింటికి కోర్టులో హాజరుపరచాలి. నువ్వొచ్చి వేలు పెట్టకపోతే పొద్దున్నే అయిపోయేది."

"వేలు నేను పెట్టలేదు. బీమా కంపెనీవాళ్లు మా మోసాల విభాగాన్ని ఓసారి చూడమన్నారు. సూపరింటెండెంటు నాలుగింటిదాకా నాకు వదిలేశాడు."

"చూడు మరి. ఆ సగం ధర తప్ప ఇంకేం కనపడుతుందో నాకూ చెప్పు."

కేసంతా ఆ సగం ధర మీదే నిలబడి ఉంది. రోడ్ని హార్విక్ అనే పెద్ద వ్యాపారి బయటి దీవుల బడుల కోసం అరవై లాప్‌టాప్‌లు తెప్పించాడు. బుధవారం రాత్రి ఎవరో గోడౌను తాళం విరగ్గొట్టి వాటిని ఎత్తుకుపోయారని ఫిర్యాదు ఇచ్చాడు. మరునాడు పొద్దున్నే అంబికా నంద్ చిన్న దుకాణంలో అదే కంపెనీ, అదే రకం లాప్‌టాప్‌లు పద్దెనిమిది కనపడ్డాయి. హార్విక్ అమ్మే ధర రెండు వేల ఆరు వందల డాలర్లు. అంబిక అమ్మేది పదమూడు వందలకి. సగం ధరకి అమ్మేది దొంగసొత్తు కాక మరేమిటని అపకూకి ఆవిణ్ణి తీసుకొచ్చి లాకప్పులో పెట్టాడు. సుంకం కట్టిన రసీదు చూపించింది గానీ, దాంట్లో 'కంప్యూటర్ సామాను' అని తప్ప ఇంకేమీ లేదు. పోయిన వాటి నంబర్లు సిడ్నీ నుంచి రావాలని హార్విక్ అంటున్నాడు. అవి ఇంకా రాలేదు.

కోర్టులో ఒకసారి దొంగసొత్తు కేసు నమోదైతే అంబిక దుకాణం లైసెన్సు పోతుంది. సరుకంతా హార్విక్ చేతికి వెళ్తుంది. యాభై దాటిన మనిషి, భర్త పోయాక ముప్పై ఏళ్ల దుకాణాన్ని ఒంటిచేత్తో నడుపుకొస్తోంది. ఆవిడకి ఇంకో బతుకుదెరువు లేదు.

ఉనైసి లోపలికి వెళ్లేసరికి అంబిక బల్ల మీద రొట్టె ముక్క తుంచుకుని నెమ్మదిగా నములుతోంది. పెళ్లివారింట్లో కూర్చున్నంత నిదానంగా ఉంది.

"ఆంటీ, ఆ లాప్‌టాప్‌లు మీకు ఎవరు పంపారో ఒక్క పేరు చెప్పండి. అరగంటలో ఇంటికెళ్లిపోతారు."

"పేరు చెప్పను మేడమ్."

"ఎందుకు చెప్పరు?"

"దుకాణందారు సరుకు ఎక్కడ కొంటాడో కన్నతల్లికి కూడా చెప్పడు."

"జైలుకి పోవాల్సొచ్చినా?"

"జైల్లో నాకు పోటీగా ఎవరూ దుకాణం పెట్టరుగా."

ఉనైసికి నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. ఈ ఊళ్లో దుకాణాలవాళ్ల సంగతి ఆమెకి తెలుసు. కొన్న ధర అడిగితే ఆస్తిపాస్తులు అడిగినట్టు చూస్తారు. కానీ తల మీదికి కత్తి దిగుతున్నా అదే పట్టు పట్టే మనిషిని ఇప్పుడే చూస్తోంది.

"పోనీ, మీ ధర అంత తక్కువ ఎందుకో అదైనా చెప్పండి."

అంబిక రొట్టె పక్కన పెట్టింది. "నా ధర ఎందుకు తక్కువ అని నిన్నటి నుంచి ప్రతివాళ్లూ అడుగుతున్నారు. ఆయన ధర ఎందుకు ఎక్కువ అని ఒక్కరూ అడగరేం? నా సరుకు హాంకాంగులో ఓడెక్కుతుంది. ఓడ కిరాయి పెద్ద వ్యాపారికీ నాకూ ఒకటే. సుంకం ఒకటే. రేవులో కూలి ఒకటే. పెట్టెకి వంద, నూట యాభై నేను మిగుల్చుకుంటా. పాడైతే నా చేత్తో నేనే బాగుచేసిస్తా. ఇంతే. ఆయన పైన వేసిన పదమూడు వందలు మధ్యలో ఏ చేప మింగిందో ఆయన్నే అడగండి."

"ఆయన సరుకు సిడ్నీ నుంచి వస్తుందట."

అంబిక ఏదో అనబోయింది. అనకుండా పెదాలు బిగించేసింది. ఉనైసి ఆ సంగతి గమనించింది.

"మీ దుకాణంలో ఒక పెట్టె విప్పి చూశాను ఆంటీ. కేబుల్ చివర లావుపాటి ప్లగ్గు ఉంది. మూడు పలక పిన్నులు. అది మన గోడలకి పట్టదు కదా?"

"పట్టదు. హాంకాంగు ప్లగ్గు అది. మన పిన్నులు ఏటవాలుగా ఉంటాయిగా. అందుకే ఇక్కడి కేబుల్ ఒకటి ఊరికే ఇస్తాను. దాన్నీ పెట్టెలోనే ఉంచుతాను. దాచాల్సిందేముంది?"

---

హార్విక్ గోడౌను రేవుకి దగ్గర్లోనే. పొద్దుటి నుంచీ కురుస్తున్న వాన షట్టరు కిందినుంచి లోపలికి పాకి, నేలంతా తడితడిగా ఉంది. హార్విక్ తెల్లచొక్కా మడత నలక్కుండా నిలబడి, టీ తాగుతారా అని మర్యాదగా అడిగాడు. అతని వెనక స్టోర్‌కీపరు తొమసి చేతులు కట్టుకుని నేలవైపు చూస్తున్నాడు. తొమసిది ఉనైసి వాళ్ల లోయే, ఏటి అవతలి గట్టు.

"ఆవిడ చెప్పిందా? ఎవరు పంపుతున్నారో?" అని హార్విక్ మొదటే అడిగాడు.

"ఇంకా లేదు. మీ ధర గురించి రెండు ముక్కలు తెలుసుకుందామని వచ్చాను."

"ధరదేముంది, లెక్క చాలా సులువు. తయారుచేసేవాడు ఇంత చిన్న దేశాన్ని లెక్కలోకే తీసుకోడు. సిడ్నీలో పంపిణీదారుకి ఇస్తాడు. వాడు తన లాభం వేసుకుంటాడు. అక్కడి గోడౌను అద్దె, ఇంకోసారి ఓడ, ఇంకోసారి బీమా. మనం కొనేది అరవై పెట్టెలు, ఆరు వేలు కాదు, కాబట్టి తగ్గింపు ఉండదు. పాడైతే తిప్పి పంపే ఖర్చు ముందే కలుపుకోవాలి." అతను చిన్నగా నవ్వాడు. "సముద్రం మధ్యలో బతికేవాళ్లు సముద్రానికి కూడా డబ్బు కట్టాలి మేడమ్."

మాటకి మాట అతికినట్టుంది. ఈ మాటే కదా ఊరంతా అనుకునేది. ఉనైసి కూడా కూతురికి లాప్‌టాప్ కొన్నప్పుడు, ఏడాది పాటు జీతంలోంచి వాయిదాలు కడుతూ, సముద్రం మధ్యలో ఉన్నాం కదా అని సర్దిచెప్పుకుంది. దాంట్లో అబద్ధం కూడా లేదు. చిన్న దేశానికి సరుకు ప్రియమే. ఎంత ప్రియం అన్నదే ఎవరూ అడగరు.

"దొంగలు ఒక పెట్టె వదిలేసి పోయారట?"

"అదిగో, కంగారులో జారవిడిచినట్టున్నారు. అరవైకి పైన నమూనా కోసం తెప్పించింది." తర్వాత మళ్లీ, "ఆవిడకి సరుకు పంపేవాళ్ల పేరు రాబట్టాలి మేడమ్. అసలు దొంగ వాళ్లే," అన్నాడు.

ఉనైసి పెట్టె తెరిచింది. లాప్‌టాప్, దాని పక్కన కేబుల్. కేబుల్ చివర ఇక్కడి ప్లగ్గే, ఏటవాలు పిన్నులు. సిడ్నీ సరుకు అలాగే ఉంటుంది, అక్కడా ఇదే ప్లగ్గు. కాకపోతే కేబుల్‌కి రబ్బరు బ్యాండు చుట్టి ఉంది. ఫ్యాక్టరీలో రబ్బరు బ్యాండు ఎవరు చుడతారు? కేబుల్ తీసి పక్కన పెట్టి, అట్ట అడుగున వేలితో తడిమింది. వేలికి మూడు గుంటలు తగిలాయి. పెట్టెని వెలుతురులోకి తిప్పింది. ఓడలో వారాల తరబడి నొక్కుకుని పడిన ముద్రలు అవి. మూడూ నలుపలకగా, నిటారుగా ఉన్నాయి. ఏటవాలుది ఒక్కటీ లేదు.

ఆమె పెట్టె మూసేసింది. మొహంలో ఏమీ కనపడనివ్వలేదు.

"గోడౌను ఓసారి చూస్తాను," అంది.

చూడ్డానికి పెద్దగా లేదు. కొత్త టీవీల పెట్టెలు తడినేల మీద గోడకి ఆనించి ఉన్నాయి. మూలన ఎత్తైన చెక్క దిమ్మెల మీద ఆరు వాషింగ్ మెషీన్ల పెట్టెలు నీటుగా నిలబెట్టి ఉన్నాయి. పాడైపోయినవి, సిడ్నీకి తిప్పి పంపాలి అన్నాడు హార్విక్. ఇంతలో అతని ఫోను మోగితే ఆఫీసుగదిలోకి వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ మూడోసారి కూడా, ఆ పేరు ఎప్పటికి తెలుస్తుందని అడిగాడు. పోయిన అరవై లాప్‌టాప్‌లు ఎప్పుడు దొరుకుతాయని మాత్రం ఇంతవరకూ ఒక్కసారీ అడగలేదు.

ఉనైసి తొమసి పక్కకి వెళ్లి నిలబడింది.

"పాత కేబుళ్లు ఏం చేశారు తమ్ముడూ?"

"ఏ కేబుళ్లక్కా?"

"లావు ప్లగ్గువి. నువ్వే తీసి కొత్తవి పెట్టావు కదా. రబ్బరు బ్యాండు చుట్టడం మీ అమ్మ ఆకుకూర కట్టలు కట్టినట్టే ఉంది."

"నన్ను అడగొద్దక్కా. ఉద్యోగం పోతుంది."

"అవతల ఓ ముసలావిడ దుకాణమే పోతోంది. నాలుగింటికి."

అతను ఆఫీసుగది వైపు చూసి గొంతు తగ్గించాడు. "పోయిన వారం అన్ని పెట్టెలూ విప్పి కేబుళ్లు మార్చమన్నారు. పాతవి చెత్తలో కూడా వేయొద్దు, దూరంగా తీసుకెళ్లి పాతెయ్యమన్నారు. సంచిలో వేసుకుని బస్సు కోసం నిలబడితే తౌవూ ఎదురొచ్చింది. ఏంట్రా కొండ ఎలకా, ఏం మోసుకుపోతున్నావ్ అని సంచి లాగేసుకుంది. అడ్డం చెప్పకూడదు కదా? పాతేశానని బాస్‌కి చెప్పేశాను."

"ఏ తౌవూ?"

"మార్కెట్లో పీతలమ్మే వసీతి."

హార్విక్ ఇక్కడే పుట్టాడు, ఇక్కడే పెరిగాడు. తన దగ్గర పనిచేసేవాళ్ల భోజనం డబ్బా ఎవరు తింటారో మాత్రం ఎప్పుడూ గమనించి ఉండడు. గమనించి ఉంటే ఆ సంచిని తొమసి చేతికి ఇచ్చేవాడు కాదు.

మార్కెట్లో వసీతి గోనెపట్టా పరుచుకుని కూర్చుంది. ముందు బురదపీతలు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. ఒక్కో గుత్తినీ నల్లటి కొత్త కేబుల్‌తో బిగించి కట్టింది. ప్రతి గుత్తికీ ఒక లావు ప్లగ్గు వేలాడుతోంది.

"కొండ కోతి దిగొచ్చిందే," అంది వసీతి ఆమెని చూడగానే. "పీత తినడం వచ్చా, డొప్పతో సహా నమిలేస్తావా?"

"తాడు బాగుందే అత్తా. ఎక్కడిది?"

"మీవాడు తొమసి పుణ్యం. పీత కొరికినా తెగడం లేదు. ఈ ప్లగ్గు కాళ్లు పట్టుకుని మోసుకుపోవడానికి వీలుగా కూడా ఉన్నాయి."

ఉనైసి వంగి, అన్నిటికంటే లావు గుత్తిని ప్లగ్గు పట్టుకుని ఎత్తి, వెనక్కి తిరిగి నడిచింది. వెనక నుంచి వసీతి తిట్లు, ఆ తిట్ల వెనకే ఆమె నవ్వు వినపడ్డాయి. సాక్ష్యం స్వాధీనం చేసుకోవడానికి ఇంత సులువైన పద్ధతి పోలీసు నిబంధనల్లో ఎక్కడా రాసి లేదు.

---

గోడౌను దగ్గరికి తిరిగొచ్చేసరికి అపకూకి జీపు గుమ్మంలో ఆగి ఉంది. హార్విక్ ఫోను చేసి పిలిపించినట్టున్నాడు. అపకూకి మొహం ఎర్రగా ఉంది.

"మూడైంది. ఫిర్యాదు ఇచ్చినాయన్నే పట్టుకుని సతాయిస్తున్నావట. ఏం చేస్తున్నావు నువ్వు?"

"పీతలు కొన్నాను. కొన్నానంటే, ఎత్తుకొచ్చాను."

"ఇది తౌవూ కాదు ఉనైసీ. ఇది నా కేసు. నాకు దొంగ దొరికింది, సొత్తు దొరికింది. నువ్వు దాన్ని చెడగొట్టడానికే వచ్చావు. అందరిముందూ నన్ను వెధవని చేయాలనే కదా?"

మాట సూటిగానే తగిలింది. ఇలాంటి గొంతుతో అతను ఎప్పుడూ మాట్లాడలేదు. ఉనైసి పీతల గుత్తిని బల్ల మీద పెట్టి, పెట్టె తెరిచి, ప్లగ్గుని అట్ట మీద గుంటల్లో ఆనించింది. మూడు పిన్నులూ మూడు గుంటల్లో కుదురుగా కూర్చున్నాయి. పీత ఒకటి కాలు చాచి అపకూకి చొక్కా గుండీ పట్టుకోబోయింది. అతను వెనక్కి జరిగాడు.

"ఇది సిడ్నీ సరుకు కాదు. ఇదీ హాంకాంగులోనే ఓడెక్కింది, అంబిక సరుకులాగే. ఇక్కడికి వచ్చాక కేబుళ్లు మార్చారు. సరుకు తిన్నగా ఇక్కడికొస్తుంది, బిల్లు మాత్రం సిడ్నీ తిరిగి, లావెక్కి వస్తుంది. ఆ లావు ధరకే బీమా చేయించారు."

"ఈ కేబుళ్లు ఈ గోడౌనువే అని ఏంటి నమ్మకం? ఎవరు చెప్పారు?"

"మీ మేనత్త వసీతి. కావాలంటే వెళ్లి అడుగు. నిన్ను చూసి చాలా రోజులైందట కూడా."

వసీతి నోటికి ఎదురు నిలబడే మగవాడు వాళ్ల దీవిలో ఇంకా పుట్టలేదు.

హార్విక్ మాత్రం చలించలేదు. "అయితే ఏంటి? నేను ఎక్కడ కొన్నాను, ఎంతకి అమ్మాను అన్నది నా వ్యాపారం. ఎక్కువ ధరకి అమ్మడం నేరమా? నా సరుకు పోయింది. అది నేరం."

"ఆయన అన్నది నిజమే," అన్నాడు అపకూకి. "ధర ఎక్కువైతే కొనడం మానేస్తారు. అరవై లాప్‌టాప్‌లు ఎక్కడ?"

అదే ప్రశ్న ఉనైసి కూడా దారంతా వేసుకుంటూ వచ్చింది. నేలవైపు చూసింది. ఆమె వెళ్లొచ్చేలోపు వాన నీళ్లు ఇంకో రెండడుగులు లోపలికి వచ్చాయి. టీవీల పెట్టెల అడుగు అట్ట నల్లబడి ఉబ్బుతోంది. ఆమె చూపు నీటి వెంబడే నడిచి, మూలన పొడిగా ఉన్న ఒకే ఒక్క చోట ఆగింది.

"హార్విక్ గారూ, అమ్మాల్సిన టీవీల్ని తడిలో వదిలేసి, పాడైన వాషింగ్ మెషీన్లని పల్లకీ ఎక్కించారేం?"

తొమసి రెండడుగులు పక్కకి జరిగాడు. "అవి కట్టింది నేను కాదక్కా," అన్నాడు. "బుధవారం నన్ను తొందరగా ఇంటికి పంపేశారు."

"విప్పడానికి వారంటు కావాలి," అన్నాడు హార్విక్. గొంతులో మర్యాద అడుగంటింది.

"దొంగతనం జరిగిన చోటు వెతకమని ఫిర్యాదు ఇచ్చింది మీరే," అన్నాడు అపకూకి.

అలా అన్నది తనేనని అతనికి ఒక్క క్షణం ఆలస్యంగా తట్టినట్టుంది. ఉనైసి వైపు చూశాడు. ఆమె కదల్లేదు. కేసు అతనిది, పెట్టె కూడా అతనే విప్పాలి. అపకూకి జేబులోంచి చాకు తీసి, మొదటి పెట్టె టేపు కోసి, అట్టలు వెనక్కి విరిచాడు. లోపల వాషింగ్ మెషీన్ లేదు. లాప్‌టాప్ పెట్టెలు ఇటుకల్లా పేర్చి ఉన్నాయి. ఒక్కో పెట్టె మీదా బడి పేరు చీటీ అంటించి ఉంది.

అతను ఒక చీటీ చదివి, పెట్టెని తిరిగి పెట్టేశాడు. "ఫిర్యాదు వచ్చినరోజు విరిగిన తాళం చూసి వెళ్లిపోయాను," అన్నాడు. "పోయిందన్న చోటే పోయిన సొత్తు ఉంటుందని ఎవరనుకుంటారు?"

"ఎవరూ అనుకోరు. ఆయన ధైర్యం అదే."

బీమా డబ్బు సిడ్నీ ధరకి చేతికొస్తుంది, లాప్‌టాప్‌లు మెల్లగా ఇంకెక్కడో అమ్ముడవుతాయి, సగం ధరకి అమ్మే పోటీ దుకాణం మూతపడుతుంది. ఒక్క విరిగిన తాళంతో ఇన్ని పనులు. హార్విక్ మణికట్టుకి అపకూకి బేడీలు వేస్తుంటే అతని తెల్లచొక్కా మొదటిసారి నలిగింది. ఉనైసికి ఆకలి సంగతి అప్పుడే గుర్తొచ్చింది.

---

లాకప్పు తలుపు అపకూకే తీశాడు. "పెద్దమ్మా, పొరపాటు నాది," అన్నాడు. "రండి, జీపులో దించుతాను. దుకాణం సీలు నేనే తీసేస్తాను."

అంబిక లేవలేదు. బల్ల అంచు పట్టుకుని అలాగే కూర్చుంది.

"ఆయన ఎక్కడున్నాడు?"

"హార్వికా? వరండాలో. వేలిముద్రలు తీసుకుంటున్నారు."

"లోపల వేయండి. తాళం వేయడం నేను చూడాలి."

అపకూకి ఉనైసి వైపు చూశాడు. ఉనైసి తలూపింది. హార్విక్‌ని వరండా చివరి గదిలోకి పంపి, తలుపు మూసి, తాళం తిప్పారు. అంబిక గుమ్మంలో నిలబడి చూసింది. ఇటు తిరిగాక, "బెయిలు వస్తుందా?" అని అడిగింది.

"ఇవాళ కోర్టు వేళ దాటిపోయింది, సోమవారం దాకా మళ్లీ లేదు. వచ్చినా అంత తేలిగ్గా రాదు."

అప్పుడు రెండు రోజులుగా రాయిలా కూర్చున్న మనిషి గోడకి జారగిలబడిపోతే ఉనైసి పట్టుకుని తన గదిలోకి తీసుకెళ్లింది. మంచినీళ్లు ఇచ్చి తలుపు వేసింది. లోపల వాళ్లిద్దరూ, అపకూకీ.

"వ్యాపార రహస్యం కాదు కదా ఆంటీ?"

"కాదు." అంబిక నీళ్ల గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. "ఫ్లోరెన్స్. ఆయన భార్య. వాళ్ల పుట్టింటివాళ్లు హాంకాంగు మనుషులు. ఆయన సరుకంతా బేరమాడి కొనేది ఆవిడే. బళ్లో మేమిద్దరం ఒకే బెంచీ. ఇంట్లో ఆవిడ చేతికి ఒక్క డాలరు ఇవ్వడు. చెయ్యి మాత్రం చేసుకుంటాడు. అదే ఓడలో నాక్కూడా కొన్ని పెట్టెలు ఎక్కించేది. పెట్టెకి కొంత ఆవిడ పేరున దాస్తున్నాను. ఓ గది అద్దెకి తీసుకుని వచ్చేయాలని. నేను ఆ పేరు చెబితే మీరు కాగితం మీద రాస్తారు. ఆ కాగితం ఆయన చదువుతాడు. తర్వాత ఆవిడ ఆ ఇంట్లోనే కదా ఉండాలి?"

ఉనైసికి దుకాణందారు పట్టుదల అనుకుని లోపల్లోపల నవ్వుకున్నందుకు సిగ్గేసింది. హార్విక్ మూడుసార్లు ఆ పేరు ఎందుకు అడిగాడో కూడా ఇప్పుడు తెలిసింది.

అపకూకి బీరువా తెరిచి, స్వాధీనం చేసుకున్న అంబిక ఫోను తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. అంబిక నంబరు నొక్కి, అందరికీ వినపడేలా బల్ల మీద ఉంచింది. ఆ ఇంటి ఫోను చాలాసేపు మోగింది. ఎత్తినవాళ్లు మాట్లాడలేదు.

"ఫ్లోరెన్స్, నేను."

అవతల ఊపిరి వినపడింది. తర్వాత చాలా చిన్న గొంతు. "చెప్పేశావా అంబికా?"

"లేదు."

"ఇవాళ చెప్పేస్తుంది, ఇవాళ చెప్పేస్తుంది అని పూటపూటా అంటున్నాడు. 'నిన్ను వదిలించుకోడానికి నీ స్నేహితురాలికి ఎంతసేపు పడుతుంది' అని నన్ను దెప్పుతున్నాడు. పోలీసులు తనవైపే అన్నాడు. నిన్ను తీసుకెళ్లడం కిటికీలోంచి నేనూ చూశాను కదా. అందుకే ఎవరికీ ఫోను చేయలేదు. నువ్వు చెప్పినా నేనేం అనుకోను."

"చెప్పలేదే. ఆయన ఇక్కడ లాకప్పులో ఉన్నాడు. తాళం వేస్తుంటే నేను కళ్లారా చూశాను. నువ్వు బట్టలు సర్దుకుని వచ్చెయ్."

అవతల ఏడుపో నవ్వో తెలియని చప్పుడు. కాసేపటికి, "ఎలా రాను? తలుపుకి బయట తాళం వేసి వెళ్లాడు. బుధవారం నుంచీ అంతే," అంది ఫ్లోరెన్స్.

అపకూకి ఇంకేమీ వినలేదు. హార్విక్ జేబుల్లోంచి తీసిన సామాను పళ్లెంలో వెతికి, తాళంచెవుల గుత్తి అందుకుని, జీపు స్టార్ట్ చేయమని కిటికీలోంచి కేకేశాడు. అంబిక అప్పటికే లేచి నిలబడింది.

"పెట్టెయ్యకు ఫ్లోరెన్స్. తాళంచెవి మా దగ్గరే ఉంది. నేను అక్కడికి వచ్చేదాకా మాట్లాడుతూనే ఉండు," అంటూ వానలోకి నడిచింది. ఉనైసి ఆవిడ తల మీద గొడుగు పట్టింది. జీపెక్కాక కూడా అంబిక ఆ ఫోను చెవి దగ్గర నుంచి తీయలేదు.